మనసు విప్పి చెప్పుకోవడం విశ్వాస లోపమా?

ఒకరోజు అస్ర్ నమాజు తర్వాత ఒక సోదరుడు తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. పిల్లవాడికి పదిహేనేళ్లు, తొమ్మిదో తరగతి. మూడేళ్ల క్రితం వరకు మా మక్తబ్‌లోనే ఖుర్ఆన్ నేర్చుకున్నాడు. రెండు నెలలుగా బడికి వెళ్లడం లేదట. జుమాకు కూడా రానంటున్నాడట. ఇంటికి చుట్టాలు వస్తే లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటున్నాడట. "ఎవరి నజరో తగిలినట్టుంది మౌలానా సాబ్, ఒక తావీజు రాసివ్వండి" అన్నారు ఆ తండ్రి.

నేను తావీజు ఇవ్వలేదు. ఫలఖ్, నాస్ సూరాలు పఠించి దమ్ చేశాను. అది సున్నత్‌తో రుజువైన విషయం, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ తర్వాత తండ్రిని వుజూ హౌజు దగ్గర కూర్చోమని చెప్పి పిల్లవాణ్ణి పలకరించాను. చాలాసేపు తల ఎత్తలేదు. చివరికి ఉర్దూలో ఒక్క మాట అన్నాడు, అదీ ముక్కలు ముక్కలుగా. అతడికి చిన్నప్పటి నుంచి నత్తి. "నేను దేనికీ పనికిరాను హజ్రత్, లోపలంతా చెడిపోయింది" అన్నది దాని భావం.

ఆ మాట వినగానే నాకు మద్రసాలో చదువుకున్న ఒక హదీసు గుర్తుకొచ్చింది. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా ఉల్లేఖించబడింది. మనిషి తన అంతరంగం గురించి 'ఖబుసత్' అనే పదం వాడవద్దని, దానికి బదులు 'లఖిసత్' అనమని దైవప్రవక్త (స) బోధించారు. అరబ్బీలో ఈ రెండూ దగ్గర దగ్గర మాటలే. మొదటి దానిలో చెడిపోవడం, మలినమైపోవడం అనే అర్థం ఉంది. రెండో దానికి మనసు వికలమైంది, బాగాలేదు అని అర్థం. 'ఖుబ్స్' అనేది వికారమైన పదం కనుక దాన్ని వారించారని వ్యాఖ్యాతలు రాశారు. నాకు ఇందులో మరొక ప్రయోజనం కూడా కనిపిస్తుంది. "నేను చెడిపోయాను" అన్నవాడు తన మీద తానే తీర్పు చెప్పేసుకున్నాడు, ఇక చేయడానికేమీ మిగలలేదు. "నా మనసు బాగాలేదు" అన్నవాడు ఒక బాధ చెప్పుకుంటున్నాడు. బాధకు మందు ఉంటుంది, ఓదార్పు ఉంటుంది, దుఆ ఉంటుంది. పద్నాలుగు వందల ఏళ్ల క్రితం మాటలో చేసిన ఈ చిన్న సవరణనే ఈనాటి మనోవైద్యులు ఎన్నో వారాలు కూర్చుని పిల్లల చేత చేయిస్తున్నారని తర్వాత నాకు తెలిసింది.

మనలో కొందరు ఇలాంటి పిల్లల్ని చూసి "ఎంత అణకువ!" అని మెచ్చుకుంటారు. ఇది పొరపాటు. తవాజు వేరు, తనను తాను అసహ్యించుకోవడం వేరు. తవాజు గలవాడు నలుగురిలో కూర్చుంటాడు, సలాంకు బదులిస్తాడు, పని చెబితే చేస్తాడు. ఈ పిల్లవాడు తలుపు గడియ పెట్టుకుంటున్నాడు. ఆదం సంతతికి అల్లాహ్ గౌరవం ప్రసాదించాడని బనీ ఇస్రాయీల్ సూరా (17: 70) చెబుతోంది, మనిషిని చక్కని రూపంలో సృష్టించాడని తీన్ సూరా (95: 4) చెబుతోంది. ఆ రెండూ నేను అతడికి వినిపించాను. అతడు తల ఊపాడు. తీన్ సూరా అతడికి ఏడేళ్ల వయసు నుంచే కంఠస్థం. నోటికి వచ్చినది గుండెకు చేరకపోవడం కూడా ఉంటుందని ఆ రోజు నాకు అర్థమైంది.

నేను తండ్రిని పిలిచి, కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది, అక్కడికి తీసుకువెళదాం అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "నా కొడుక్కి పిచ్చి పట్టిందంటారా?" అన్నారు. తర్వాత వారం రోజుల పాటు ఆయన నా దగ్గరకు వచ్చి ఒక్కొక్క అభ్యంతరం చెబుతూ వచ్చారు. ఇవి ఆయన ఒక్కరి అభ్యంతరాలు కావు. మన ఇళ్లలో చాలామందికి ఉన్నవే. అందుకే వాటిని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిది సబ్ర్ గురించి. హజ్రత్ యాఖూబ్ (అలై) తన దుఃఖాన్ని అల్లాహ్‌కు మాత్రమే మొరపెట్టుకున్నారు కదా (యూసుఫ్ 12: 86), మనిషి ముందు చెప్పుకోవడం సబ్ర్‌కు విరుద్ధం కాదా అని అడిగారు. అదే సూరా మొదట్లో ఏముందో చూడండి. చిన్నవాడైన యూసుఫ్ (అలై) తనకు వచ్చిన వింత కలను ఎవరికి చెప్పారు? తండ్రికి చెప్పారు (12: 4). ఆ తండ్రి నవ్వలేదు, కసరలేదు, "కలలకేం అర్థం ఉంటుంది" అని కొట్టిపారేయలేదు. శ్రద్ధగా విన్నారు. దాన్ని అన్నలకు చెప్పవద్దని జాగ్రత్త చెప్పారు (12: 5). అంటే వినడం, విన్నదాన్ని గుట్టుగా ఉంచడం, రెండూ ఆ ఒక్క సంభాషణలోనే ఉన్నాయి. యాఖూబ్ (అలై) సబ్ర్‌ను ఉదాహరించే మనం యాఖూబ్ (అలై) పితృత్వాన్ని మరచిపోతున్నాం.

ఇక హజ్రత్ మూసా (అలై) సంగతి. నత్తి ఉన్న పిల్లవాడి గురించి మాట్లాడుతున్నాం కనుక దీన్ని కొంచెం ఆగి చూడాలి. ఫిరౌన్ దగ్గరకు వెళ్లమని అల్లాహ్ ఆజ్ఞాపించినప్పుడు మూసా (అలై) తన లోపల ఉన్నదంతా బయటపెట్టారు. వాళ్లు నన్ను తిరస్కరిస్తారని భయంగా ఉందన్నారు. ఛాతీ బిగుసుకుపోతోందన్నారు. నాలుక సాగడం లేదన్నారు. నా మీద వాళ్ల నేరారోపణ ఒకటి ఉంది, చంపుతారేమోనన్నారు (షుఅరా 26: 12-14). తన కన్నా తన అన్న హారూన్ బాగా మాట్లాడగలరని ఒప్పుకున్నారు (ఖసస్ 28: 34). భయం, సిగ్గు, గతంలో జరిగిన తప్పు, శరీర లోపం, పక్కవాడితో పోలిక. ఈనాటి ఏ పదిహేనేళ్ల పిల్లవాడి గుండెలోనైనా ఉండేవి ఇవే కదా! ఆయన వీటిలో దేన్నీ దాచుకోలేదు.

మరి అల్లాహ్ ఏమన్నాడు? ప్రవక్తగా ఎన్నుకుంటే ఈ పిరికి మాటలేమిటని గద్దించలేదు. ఛాతీని విశాలం చేయమని, నాలుక ముడి విప్పమని, అన్నను తోడివ్వమని మూసా (అలై) అడిగారు. అడిగినది ఇచ్చేశానని అల్లాహ్ జవాబిచ్చాడు (తాహా 20: 25-36). నత్తి పూర్తిగా పోవాలని ఆయన అడగలేదని, ప్రజలకు మాట అర్థమయ్యేంత మేరకు ముడి వీడితే చాలన్నారని కొందరు ముఫస్సిర్లు రాశారు. ఆయన మాట స్పష్టంగా ఉండదని ఎత్తిపొడిచినవాడు ఎవరో తెలుసా? ఫిరౌన్ (జుఖ్రుఫ్ 43: 52). తరగతి గదిలో నత్తి పిల్లవాణ్ణి వెక్కిరించేవాళ్లు తాము ఎవరి వరుసలో నిలబడుతున్నారో ఆలోచించుకోవాలి.

రెండో అభ్యంతరం: "అల్లాహ్‌కు చెప్పుకోవడం సరే, మూసా (అలై) చెప్పుకున్నది అల్లాహ్‌కే కదా, మనిషికెందుకు?" ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు సహీహ్ బుఖారీ మొదటి అధ్యాయంలోనే ఉంది. హిరా గుహలో తొలి వహీ అందిన తర్వాత మహాప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. తనకు దుప్పటి కప్పమన్నారు. భయం కాస్త తగ్గాక జరిగినదంతా హజ్రత్ ఖదీజా (రజి)కు చెప్పి, తన గురించి తనకు భయంగా ఉందన్నారు. ఆ పుణ్యస్త్రీ చేసినదేమిటో గమనించండి. ముందు దుప్పటి కప్పారు. తర్వాత విన్నారు. ఆ పైన అల్లాహ్ మిమ్మల్ని ఎన్నడూ అవమానం పాలు చేయడని ధైర్యం చెప్పారు. ఊరికే చెప్పలేదు, కారణాలు చూపించారు. మీరు బంధుత్వాలు నిలుపుతారు, బలహీనుల భారం మోస్తారు, లేనివారికి సంపాదించి పెడతారు, అతిథిని ఆదరిస్తారు, ఆపదలో ఆదుకుంటారు అని ఆయన చేసిన పనులనే ఆయన ముందు పెట్టారు. అంతటితో ఆగకుండా, ఇది తన జ్ఞానానికి మించిన విషయమని గ్రహించి, తెలిసినవారైన వరఖా బిన్ నౌఫల్ దగ్గరకు స్వయంగా తీసుకువెళ్లారు.

ఆసుపత్రికి వెళదామని నేను అన్నది ఇదే. ఇంట్లో వినేవారు కావాలి. వారికి అందని విషయమైతే తెలిసినవారి దగ్గరకు చేయి పట్టుకుని తీసుకువెళ్లాలి.

మూడోది, అన్నిటికన్నా పెద్దది: "వీడు డాక్టరు ముందు మా ఇంటి విషయాలు చెబుతాడు, నన్ను తప్పుపడతాడు. అది గీబత్ కాదా? తను చేసిన తప్పులేవైనా ఉంటే అవీ చెబుతాడు. పాపాన్ని అల్లాహ్ కప్పిపెడితే మనం బయటపెట్టవచ్చా?" గీబత్ కొన్ని సందర్భాల్లో అనుమతించబడిందని ఇమామ్ నవవీ (రహ్మలై) రియాజుస్సాలిహీన్‌లో ఆరు కారణాలు లెక్కపెట్టారు. అన్యాయాన్ని మొరపెట్టుకోవడం, పరిష్కారం కోరి వివరం చెప్పడం వాటిలో ఉన్నాయి. హజ్రత్ హింద్ (రజి) తన భర్త ఖర్చులకు సరిపోను ఇవ్వడం లేదని దైవప్రవక్త (స) ముందు చెప్పుకున్నారు. ఆయన ఆమెను వారించలేదు, దారి చూపించారు. ఇక పాపాల విషయం. గొప్పగా చాటుకోవడాన్ని, సిగ్గులేకుండా నలుగురిలో చెప్పుకోవడాన్ని హదీసు ఖండించింది. చికిత్స కోసం ఒక్కరి ముందు, తలుపు మూసి చెప్పుకోవడం ఆ కోవలోకి రాదు. ఒక యువకుడు దైవప్రవక్త (స) సభకు వచ్చి తనకు వ్యభిచారానికి అనుమతి ఇవ్వమని అడిగిన సంఘటన ముస్నద్ అహ్మద్‌లో ఉంది. చుట్టూ ఉన్నవారు అతణ్ణి గద్దించారు. దైవప్రవక్త (స) మాత్రం దగ్గరకు రమ్మన్నారు, కూర్చోబెట్టి మాట్లాడారు, అతడి మీద చేయి ఉంచి దుఆ చేశారు. ఆ యువకుడు లోపల ఉన్నది బయటపెట్టాడు గనుకనే ఆ దుఆ అతడికి దక్కింది. గద్దించినవారి మాటే చెల్లి ఉంటే అతడు లేచి వెళ్లిపోయి ఉండేవాడు.

"ఆ డాక్టరు ముస్లిం కాదు కదా" అన్నది చివరి మాట. హిజ్రత్ సమయంలో మక్కా నుండి మదీనాకు దారి చూపడానికి దైవప్రవక్త (స) నియమించుకున్న వ్యక్తి అప్పటికి ముస్లిం కాడు. ఖురైషీల మతంలోనే ఉన్నాడు. దారి తెలిసినవాడు, నమ్మదగినవాడు. ప్రాణాలనే అతడి చేతిలో పెట్టారు. (అమ్మాయిల విషయంలో మహిళా డాక్టరును అడగడం మంచిది, పిల్ల కూడా ఆమె దగ్గరే తేలిగ్గా మాట్లాడగలుగుతుంది.)

మనోవైద్యం పాశ్చాత్యుల సొత్తు అనుకునేవారికి ఒక విషయం చెప్పి ముందుకు వెళతాను. హిజ్రీ 322 (క్రీ.శ. 934)లో మరణించిన అబూ జైద్ బల్ఖీ అనే పండితుడు శరీరాల, ఆత్మల క్షేమం గురించి ఒక గ్రంథం రాశారు. వైద్యులు శరీరాన్నే చూసి మనసును వదిలేస్తున్నారని అందులో విమర్శించారు. భయం, కోపం, దుఃఖం, వస్‌వసాలకు విడివిడిగా అధ్యాయాలు కేటాయించారు. కైరోలో 1284లో కట్టిన మన్సూరీ ఆసుపత్రిలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. మన పూర్వీకులు సిగ్గుపడని విషయానికి మనం సిగ్గుపడుతున్నాం. నిమ్హాన్స్ సంస్థ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. వంద మంది పిల్లలున్న మక్తబ్‌లో ఏడుగురు అన్నమాట.

మొత్తానికి తండ్రి ఒప్పుకున్నారు. ముగ్గురం బస్సులో వెళ్లాం. పిల్లవాడు చెప్పేది గోప్యంగా ఉంటుందని, ప్రాణానికి ముప్పు లాంటిది ఏదైనా ఉంటే మాత్రం తల్లిదండ్రులకు చెప్పాల్సి వస్తుందని డాక్టరు గారు అందరి ముందూ మొదటే చెప్పారు. ఈ గోప్యత దయతో ఇచ్చేది కాదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. తర్వాత మమ్మల్ని బయటికి పంపించారు.

మొదటి మూడుసార్లు అతడు ఏమీ మాట్లాడలేదు. మూడోసారి తిరిగి వస్తూ తండ్రి బస్సులో విసుక్కున్నారు, ఛార్జీలు దండగ అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. డాక్టరు గారికి మాత్రం తొందర లేదు. సమస్య ఏమిటని అడగకుండా, చాచా కొట్లో సెల్‌ఫోన్లు ఎలా బాగు చేస్తావో చెప్పమన్నారట. నోటితో చెప్పడం కష్టమైతే కాగితం మీద రాయమన్నారట. నాలుగోసారి రెండు వాక్యాలు రాశాడు. అయిదోసారి నోరు విప్పాడు, ముప్పావు గంట ఆపకుండా మాట్లాడాడట, మధ్యలో ఏడ్చాడట.

ఏం చెప్పాడో డాక్టరు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కొన్ని రోజుల తర్వాత పిల్లవాడే మస్జిదుకు వచ్చి నా ఎదుట కూర్చుని ఒక సంగతి చెప్పాడు. దాన్ని రాయడానికి అతడే అనుమతించాడు. పదకొండేళ్ల వయసులో మక్తబ్‌లో నిలబడి పాఠం అప్పగిస్తుంటే 'ఖాఫ్' అక్షరం దగ్గర నాలుక ఆగిపోయింది. పిల్లలు 'హక్లా' అని నవ్వారు. "అప్పుడు మీరు కూడా నవ్వారు హజ్రత్" అన్నాడు.

నాకు ఆ రోజు గుర్తులేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కానీ అతడికి తారీఖుతో సహా గుర్తుంది. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, పేర్లు పెట్టి పిలవవద్దని చెప్పే హుజురాత్ ఆయతును (49: 11) నేను ఎన్ని జుమాల్లో వివరించి ఉంటానో లెక్కలేదు. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవాడికి రెండు పుణ్యాలు లభిస్తాయన్న హదీసును ఆ మక్తబ్‌లోనే, ఆ పిల్లలకే నేర్పించాను. రెండు పుణ్యాలు సంపాదిస్తున్న పిల్లవాణ్ణి చూసి నవ్వాను. నేను అతణ్ణి క్షమాపణ అడిగాను. అతడు ఏమీ అనలేదు, కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. క్షమించమని అడగడం నా బాధ్యత, వెంటనే క్షమించాలన్న బాధ్యత అతడికి లేదు. పెద్దవాళ్లం ఈ రెండో భాగాన్ని మరచిపోయి, "అడిగాను కదా, ఇంకా ముఖం ముడుచుకుంటావేం?" అంటాం.

ఆ తర్వాత చికిత్స ఎలా సాగిందో అతడు చెప్పినంత వరకు రాస్తాను. "అందరూ నన్ను చూసి నవ్వుతారు" అన్న మాటను కాగితం మీద రాయించి, అందరూ అంటే ఎవరెవరో పేర్లు రాయమన్నారట. నలుగురి దగ్గర ఆగిపోయాడు. నవ్వనివాళ్ల పేర్లు కూడా రాయమంటే కాగితం చాలలేదు. తర్వాత చిన్న చిన్న పనులు ఇచ్చారు. కిరాణా కొట్లో తానే సరుకు అడగాలి. చెల్లెలికి రోజూ ఒక ఆయతు చదివి వినిపించాలి. నత్తికి వేరుగా మాటల శిక్షణ ఇచ్చేవారి దగ్గరకు పంపించారు. నత్తి మనోబలం లేకపోవడం వల్ల వచ్చేది కాదని, చాలావరకు మాటలు నేర్చే వయసులోనే మొదలవుతుందని, "నెమ్మదిగా మాట్లాడు, సరిగ్గా మాట్లాడు" అని అస్తమానం అనడం వల్ల భయం పెరుగుతుందని అక్కడ చెప్పారు. ఇది తండ్రికి తెలియదు. నాకూ తెలియదు.

ఈ మధ్యలో నేను అతడికి జాహిర్ (రజి) వృత్తాంతం చెప్పాను. ఆయన పల్లె నుంచి వచ్చే బెదూయిన్, చూడడానికి అందగాడు కాదు. ఒకరోజు బజారులో సరుకు అమ్ముకుంటుంటే దైవప్రవక్త (స) వెనుక నుంచి వచ్చి ఆయన్ను కౌగిలించుకుని, ఈ దాసుణ్ణి ఎవరు కొంటారని సరదాగా అడిగారు. నన్ను అమ్మితే మీకు ధర పలకదని జాహిర్ (రజి) అన్నారు. అల్లాహ్ దగ్గర నీ ధర తక్కువ కాదని దైవప్రవక్త (స) బదులిచ్చారు. షమాయెల్ తిర్మిజీలో ఉన్న ఈ వృత్తాంతం విని పిల్లవాడు, "ముందు కౌగిలించుకున్నారు కదా హజ్రత్, ఆ మాట తర్వాత కదా అన్నది" అన్నాడు. నేను ఎన్నిసార్లో చదివాను, ఆ వరుస గమనించలేదు.

తల్లిదండ్రులకు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పిల్లవాడు "చచ్చిపోతే బాగుండు" అంటే అది నాటకమని అనుకోవద్దు. ఆత్మహత్య హరామ్ అన్నది సత్యమే, అతడికీ తెలుసు. ఆ ఫత్వాతో సంభాషణ మొదలుపెడితే అతడు మళ్లీ నోరు విప్పడు. హజ్రత్ మర్యమ్ (అలై) ప్రసవ వేదనలో, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని అన్నారు (మర్యమ్ 19: 23). దానికి వచ్చిన జవాబులో మందలింపు లేదు. దుఃఖించకు, కింద నీళ్లున్నాయి, ఖర్జూరాలున్నాయి, తిను, తాగు, కళ్లు చల్లబరచుకో అన్న ఓదార్పు ఉంది (19: 24-26). చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. ఔనంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు, మాత్రల వంటివి అందకుండా చేయండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ ప్రభుత్వ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

పిల్లవాడు ఇప్పుడు నెలకొకసారి వెళుతున్నాడు. నత్తి అలాగే ఉంది. బడిలో పోయిన నెలల పాఠాల గురించి తండ్రి ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడుతున్నారు. జుమాకు వస్తున్నాడు, చివరి వరుసలో కూర్చుంటున్నాడు, సలాం చెప్పగానే లేచి వెళ్లిపోతున్నాడు. మా మక్తబ్‌లో పిల్లల్ని ఒక్కొక్కరినీ అందరి ముందు నిలబెట్టి పాఠం అప్పగించుకునే పద్ధతి నేను మానేశాను. ఇప్పుడు ఒక్కొక్కరే నా పక్కకు వచ్చి కూర్చుని మెల్లగా చదువుతారు. దీనివల్ల రోజూ అరగంట ఎక్కువ పడుతోంది.